సుబేదారు జారి పడలేదు

పోయిన వారం సుమయ్యాను షామియానా గుంజ పక్కన నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో ఓబుళరెడ్డి మనుషులు రాసిచ్చిన కాగితం. వేదిక మీదికి పిలిచినప్పుడు ఆమె చదవాల్సింది అదే. మా నాన్న సుబేదారు అబ్దుల్ సలాం జమ్మలమడుగు రోడ్డులో స్కూటరు జారి పడ్డారు, ఓబుళరెడ్డిగారు దేవుడిలా ఆదుకున్నారు, ఆ మేలు మా కుటుంబం మరవదు. అంతే.

జారి పడలేదని సుమయ్యాకు తెలుసు. మొన్న సాయంత్రం ఆస్పత్రి మంచం మీద నాన్న కాసేపు కళ్లు తెరిచాడు. "టిప్పరు పాపా... లైట్లు ల్యా... గుద్ది పోయి, మల్లా ఎనక్కొచ్చింది" అన్నాడు. "నన్ను ఆ దావకు పిలిచినోడు..." అంటూ ఇంకేదో చెప్పబోయి మళ్లీ కళ్లు మూశాడు. అప్పటి నుంచి తెరవలేదు.

టిప్పరు ఎవరిదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. జమ్మలమడుగు అవతల మాజీ సైనికులకు సర్కారు ఇచ్చిన బీడులో, ఎవరినీ అడక్కుండా నాపరాయి గనులు తవ్విస్తున్నది ఓబుళరెడ్డి. విజయ్ దివస్ నాడు ప్రొద్దుటూరులో ఓబుళరెడ్డి ఖర్చుతోనే జరిగే సత్కార సభలో, సికింద్రాబాదు నుంచి వచ్చే బ్రిగేడియర్ ఎదుట, ఆ సంగతి మైకులో చెబుతానని సలాం ఊరంతా చెప్పుకున్నాడు. "చెవిలో చెప్పిన మాటను మింగేస్తారు. మైకులో చెప్పిన మాటను మింగలేరు" అనేవాడు. సభకు ముందే టిప్పరు వచ్చింది. పోలీసులు జారి పడ్డాడని రాసుకున్నారు. టిప్పరు గుద్దిన మలుపులో టీ కొట్టు నడిపే రఫీ, "నేనేం చూడలే పాపా, నాకు పిల్లలుండారు" అని రేకు తలుపు దించుకున్నాడు.

నాన్న చెప్పాలనుకున్న చోట, నాన్న పట్టుకోవాలనుకున్న మైకులో ఆ మాట చెప్పి తీరాలి. మైకు చేతికి రావాలంటే కాగితం చదువుతానని ఒప్పుకోవడం తప్ప దారి లేదు. సుమయ్యా ఒప్పుకుంది. ఇప్పుడు తన పేరు పిలిచే క్షణం కోసం గుంజ పక్కన కాచుకుని ఉంది.

మైదానం బాగానే నిండింది. ముందు వరుసల్లో మాజీ సైనికులు. కొందరు పాత టోపీలు పెట్టుకున్నారు, కొందరు తెల్ల పంచెలు కట్టుకున్నారు. అందరి చొక్కాల మీదా పతకాలు. వేదిక వెనక కట్టిన గుడ్డ మీద ఓబుళరెడ్డి బొమ్మ జెండా కంటే పెద్దది. బడిపిల్లలు కాగితం తుపాకులు పట్టుకుని డాన్సు చేసి దిగిపోయారు. ఆ తర్వాత ప్రసంగాలు. యాంకరు మాధవి, ప్రొద్దుటూరులో ఏ బంగారు కొట్టు తెరిచినా వినబడే గొంతు ఆమెదే, ఒక్కొక్కరినీ బిరుదులు తగిలించి పిలుస్తోంది. ప్రతివాడూ రెండే మాటలంటూ మొదలుపెట్టి, ఊపిరి ఉన్నంతసేపూ మాట్లాడి దిగుతున్నాడు.

"సరిహద్దులో జవాను, నియోజకవర్గంలో నేను. ఇద్దరిదీ ఒకటే కాపలా" అన్నాడు ఒక నాయకుడు ఛాతీ మీద చెయ్యేసుకుని.

"నీ సరిహద్దు ఇసుక రేవు దాకానే గదప్పా!" అని ముందు వరుసలోంచి ఒక ముసలి హవల్దారు అందుకున్నాడు. ఆ వరుసంతా పతకాలు గలగలలాడేలా నవ్వింది.

సుమయ్యా నవ్వలేదు. అరచేతిలో కాగితం చెమటకు మెత్తబడింది.

"ఏం పాపా, కాగితం బాగా చదువుకున్యావా?"

పక్కకు తిరిగింది. ఓబుళరెడ్డి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మొహం మీద మేనమామ నవ్వు.

"చదువుకున్యా సార్."

"చదువుకునింది చదువుకున్యట్టే చెప్పల్ల. సొంత కవిత్వం కలపొద్దు."

"నాకు కవిత్వం రాదు."

"రాకపోతేనే మంచిది. పులివెందులలో ఎద్దులకు సూదులేసుకునే డాక్టరమ్మవి. రాళ్ల గోల, భూముల గోల నీకేంటికి చెప్పు? ఎద్దు అయితే ఎదురు మాట్లాడదు. నిమ్మళంగా పని చేసుకోవచ్చు."

"మాట్లాడదు గానీ తంతాది సార్."

ఓబుళరెడ్డి గట్టిగానే నవ్వాడు. చుట్టుపక్కల వాళ్లు కూడా నవ్వేటట్టు నవ్వాడు. ఆ నవ్వు తగ్గకుండానే ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మీ నాయన ఇంకా మంచం మీదనే ఉండాడు పాపా. అది గుర్తు పెట్టుకోని మైకు పట్టుకో."

శాలువాల పళ్లెం మోస్తున్నవాణ్ని వెంటబెట్టుకుని వేదిక ఎక్కి, బ్రిగేడియర్ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

లోపల ఉన్నది భయమా, కోపమా అని సుమయ్యా తనను తాను ప్రశ్నించుకుంది. రెండూ. ఎద్దు దగ్గరికి పోయేటప్పుడు కూడా రెండూ ఉంటాయి. చెయ్యి వణకకుండా ఉంటే చాలు.

"సుమయ్యా, ఏమైనా అన్యాడా వాడు?"

అన్సర్ చాచా. నాన్నతోపాటే పటాలంలో చేరి, నాన్నతోపాటే ఇంటికొచ్చినవాడు. కాళ్లకు గజ్జెలు, నడుముకు ఎర్ర గుడ్డ, చేతిలో చెక్కలు. భజనకు తయారై వచ్చాడు.

"ఏమీ అనలే చాచా. నాయన దగ్గర ఎవరుండారు? అమ్మీ కూడా ఈడికే వచ్చె."

"మొయిన్‌ను కూచోబెట్టొచ్చినా కదా. నువ్వు ఆ దిగులు పెట్టుకోవాకు."

మొయిన్ ఆయన కొడుకు. కువైట్‌లో ట్రైలర్లు తోలి, ఆ పని పోయి, ఈ మధ్యనే తిరిగొచ్చాడు. ఇప్పుడు ఇక్కడే ఏదో బండి తోలుతున్నాడట. చిన్నప్పుడు సుమయ్యాతో కలిసి పెన్న ఇసుకలో గూళ్లు కట్టినవాడే. ఆస్పత్రి కూడా ఎంతో దూరం లేదు, రెండు వీధుల అవతల. సుమయ్యా మనసు కొంచెం కుదుటపడింది. ఆడవాళ్ల వరుసలో సుమయ్యా అమ్మీ ఖాతూన్‌బీ ఒళ్లో భర్త టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇప్పుడు మీ ముందుకు వస్తున్నారు, రాజుపాలెం మాజీ సైనికుల చెక్క భజన బృందం!" అంది మాధవి.

వేదిక ముందున్న ఖాళీలోకి వాళ్లు గుండ్రంగా వచ్చారు. నడిమధ్య గురువు నారాయణ. నాయక్ హోదాలో రిటైరైన పొట్టిమనిషి, గొంతు మాత్రం ఏడడుగుల మనిషిది. హిందువులు, ముస్లిములు, పండు ముసలివాళ్లు, నిన్న మొన్న పింఛను తీసుకున్నవాళ్లు, అందరూ ఆ గుండ్రంలో ఉన్నారు. అన్సర్ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలేశారు. అది సలాం నిలబడే చోటు.

నారాయణ ఒక చరణం పాడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్నే తిరిగి అందుకుంటారు. చెక్కలు ఒక్క దెబ్బగా పడతాయి. గజ్జెలు ఒక్క అడుగుగా మోగుతాయి. గురువు నోట ఏ మాట వస్తే ఆ మాట పలకాలి. పాట ఎత్తుకున్నాక గురువు దించేదాకా ఎవరి చెక్కా ఆగకూడదు. వాళ్ల కట్టుబాటు అది. ఇవాళ కూడా నాగేంద్ర అనే ముసలాయన నడుమ ఊపిరాడక కింద కూర్చుండిపోయాడు. నోరు తెరుచుకుని రొప్పుతూనే చెక్కలు మాత్రం కొడుతూనే ఉన్నాడు. బ్రిగేడియర్ ముందుకు వంగి చూశాడు. మొహంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది.

పాట దిగింది. చప్పట్లు. వాళ్లు చెమటలు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డారు.

"ఇప్పుడు, ఆస్పత్రిలో ఉన్న సుబేదారు అబ్దుల్ సలాం గారి తరఫున ఆయన కుమార్తె సత్కారం అందుకుని మాట్లాడతారు."

సుమయ్యా మెట్లెక్కింది. మాధవి మైకు అందిస్తూ, పెదవులు కదలకుండా, "అక్కా, ఆలస్యం చేయొద్దు, బిన్నె చెప్పేయి. కరెంటు తీసేయమని ముందే చెప్పుండారు" అంది.

మైకు చల్లగా ఉంది. సుమయ్యా మైదానాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. వెనక గేటు దగ్గర, తల మీద తువాలు కప్పుకుని టీ కొట్టు రఫీ నిలబడి ఉన్నాడు. చూపు కలవగానే తల దించుకున్నాడు.

"అందరికీ నమస్కారం, సలాం, జైహింద్. నా చేతిలో ఒక కాగితం ఉండాది. మా నాయన జారి పడినాడని దీంట్లో రాసుండారు. రాసింది నేను కాదు. అందుకే నేను చదవను."

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టింది. ఓబుళరెడ్డి ముందరే పెట్టింది.

మైదానంలో మాటలు ఆగిపోయాయి.

"మా నాయన జారి పడలే. ఆయన్ను..."

మైకు గుయ్‌మని మూలిగి ఊరుకుంది. నెత్తిన ఫ్యాన్లు మెల్లగా నిలిచిపోయాయి. షామియానా వెనక జనరేటరు చప్పుడు కూడా లేదు. సుమయ్యా ఇంకా మాట్లాడుతూనే ఉంది, గానీ ఆ మాటలు ముందు వరుస దాకా కూడా పోవడం లేదు. ఆమెది మొదటి నుంచీ చిన్న గొంతు. గొడ్ల చెవిలో మెల్లగా మాట్లాడి మాలిమి చేసుకునే గొంతు.

ఓబుళరెడ్డి చేతులు జోడించి లేచాడు. ఆయనకు మైకు అక్కర్లేదు. "ఏం జేద్దామప్పా, కరెంటుకు గూడా మన సైనికుల త్యాగం చూసి గుండె ఆగినట్టుండాది!" దగ్గరి వరుసల్లో నవ్వులు. "పాప శానా బాధలో ఉండాది. బాధలో ఉండే మనిషిని మాట్లాడించకూడదు. శాలువా కప్పి కూచోబెడదాం."

శాలువా విప్పాడు. రెండు చేతులా చాచి ఆమె భుజాల మీదికి తెచ్చాడు. ఇక దాన్ని కప్పి, భుజం పట్టి, కుర్చీలోకి నొక్కేస్తే సభ అయిపోయినట్టే.

సుమయ్యా ఒక్క అడుగు పక్కకు జరిగింది.

శాలువా గాలిని కప్పి కింద పడింది.

మైదానమంతా చూసింది. ఎవరో చిన్నపిల్ల కిసుక్కుమంది. ఓబుళరెడ్డి మొహం మీది మేనమామ నవ్వు మొదటిసారి చెదిరింది.

"సభ అయిపోయిందని చెప్పు" అన్నాడు మాధవితో, పళ్ల సందున.

"ఎట్ల చెప్పల్ల సార్? మైకు ల్యా గదా" అంది మాధవి. అంత అమాయకంగా ఆ పిల్ల ఏ బంగారు కొట్టులోనూ మాట్లాడి ఉండదు.

అప్పుడు వినబడింది. ఠక్.

వేదిక కింద నారాయణ చెక్కలు కొట్టాడు. ఒక్క దెబ్బ. ఆ నిశ్శబ్దంలో అది గేటు దాకా పోయి తగిలింది.

"రెడ్డీ, కరెంటు నీది" అన్నాడు నారాయణ. "చెక్కలు మావి."

"ఒరే నారాయణా, నీ ప్రోగ్రాం అయిపోయింది. పోయి భోంచెయ్‌పో."

"భోజనం యాడికీ పోదులే." నారాయణ నడుములో దోపుకున్న ఇంకో జత చెక్కలు తీశాడు. పాతవి, పట్టుకునే చోట నున్నగా అరిగినవి. "పాపా, ఇవి మీ నాయనవి. దిగి రా. ఆయన చోట నిలబడు. నువ్వు ఒక్కో ముక్క చెప్పు. ఎంత మెల్లగా చెప్పినా పర్వాల్యా. మేము అందుకుంటాం."

సుమయ్యా మెట్లు దిగింది. అన్సర్ పక్కన ఖాళీగా ఉన్న చోట నిలబడింది. చెక్కలు అందుకుంది. నాన్న వేళ్లు అరగదీసిన చోటనే ఆమె వేళ్లు కుదురుకున్నాయి. భజన ఎప్పుడూ చెయ్యలేదు, గానీ ఇంటి వెనక నాన్న సాధన చేస్తుంటే వింటూ పెరిగింది.

"మా నాయన జారి పడలే" అంది.

నారాయణ తలెత్తి అందుకున్నాడు.

*జారి పడలే జారి పడలే, సుబేదారు జారి పడలే!*

గుండ్రంలో ఉన్నవాళ్ల గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

*జారి పడలే జారి పడలే, సుబేదారు జారి పడలే!*

ఏ మైకూ అంత గట్టిగా చెప్పలేదు. పావురాలు షామియానా మీద నుంచి లేచిపోయాయి.

"లైట్లు ల్యాకుండా టిప్పరొచ్చింది."

*టిప్పరొచ్చె టిప్పరొచ్చె, దీపాల్లేని టిప్పరొచ్చె!*

"ఆపండ్రా!" అని ఓబుళరెడ్డి వేదిక అంచుకొచ్చి అరిచాడు. "నారాయణా, నిన్నే! భజన ఆపు!"

నారాయణ ఆయన వైపు చూడను కూడా లేదు. పాట నడుమ చెక్క ఆపకూడదు కదా. ఓబుళరెడ్డి అరుపును వాళ్లు తాళం కింద తొక్కేసి ముందుకు పోయారు.

"గుద్ది పోయినాక మల్లా ఎనక్కొచ్చింది."

ఈసారి నారాయణ గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆ గుండ్రంలో ఎవరికీ తెలియదు. గుద్దడం వేరు. గుద్ది, ఆగి, గేరు మార్చి వెనక్కి రావడం వేరు. నారాయణ కళ్లు ఎర్రబడ్డాయి. చెక్కలు పగిలిపోతాయేమో అన్నంత గట్టిగా కొట్టి ఎత్తుకున్నాడు.

*గుద్ది పాయె గుద్ది పాయె, గుద్ది పోయి ఎనక్కొచ్చె!*

*ఎనక్కొచ్చె ఎనక్కొచ్చె, సంపేదానికి ఎనక్కొచ్చె!*

చివరి మాట ఆయన సొంతం. అయినా అందరూ అందుకున్నారు. ఆడవాళ్ల వరుసలో ఖాతూన్‌బీ లేచి నిలబడింది. భర్త టోపీని గుండెకు అదుముకుని, ఆమె కూడా ఆ మాటే అంటోంది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు. వాళ్ల వెనకవాళ్లు అందుకున్నారు.

"సార్, ఇది కల్చరల్ ప్రోగ్రాం సార్. ఫోక్ సాంగ్" అంటున్నాడు ఓబుళరెడ్డి, బ్రిగేడియర్ మీదికి వంగి ఇంగ్లీషు కలిపిన మాటలతో.

"నాకు తెలుగు వచ్చు రెడ్డిగారూ" అన్నాడు బ్రిగేడియర్. "సికింద్రాబాదులో చాలా ఏళ్లు ఉన్నాను. అంతా అర్థమవుతోంది."

టోపీ తీసుకుని తల మీద సరిగ్గా పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

పటాలం వదిలి ఎన్నేళ్లయినా కొన్ని అలవాట్లు పోవు. అధికారి లేచాడు కాబట్టి ముందు వరుస లేచింది. దాని వెనక వరుస లేచింది. కర్రలు ఆనించుకుని కొందరు, పక్కవాడి భుజం పట్టుకుని కొందరు, మైదానంలో ఉన్న ప్రతి మాజీ సైనికుడూ లేచి నిటారుగా నిలబడ్డాడు. ఊపిరాడక కూర్చున్న నాగేంద్ర కూడా లేచాడు.

గేటు దగ్గర తువాలు కిందికి జారింది.

"నేను జూసినా!" అని ఒక గొంతు అరిచింది. పలికే అలవాటు తప్పినట్టు బొంగురుగా ఉంది. "నేను జూసినానప్పా! నా కొట్టు ముందరనే! ఎనక్కొచ్చింది నిజం!"

రఫీ. జనం ఆయనకు దారి విడిచారు. ముందుకొస్తూ వస్తూ అదే మాట అంటున్నాడు. ఒకసారి అన్న మాటను మళ్లీ మళ్లీ అంటుంటే గొంతు గట్టిపడుతోంది. "నాకు పిల్లలుండారు. ఉంటే ఉండనీ. నేను జూసినా!"

సుమయ్యా వేదిక వైపు చూసింది. ఓబుళరెడ్డి కుర్చీలో లేడు. వెనక గుడ్డ పక్కగా, తన బొమ్మ చాటున, మెట్లు దిగుతున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఎవరితోనో గబగబా మాట్లాడుతున్నాడు.

పారిపోతున్నాడు, అనుకుంది. పారిపోనీ. చెప్పాల్సింది చెప్పేశాం. ఇంత మంది నోట పడిన మాటను ఇక ఎవడు మింగుతాడు?

నారాయణ ఆమె వైపు చూశాడు. ఇంకేమైనా ఉందా, పాట దించమంటావా అన్నట్టు.

ఇంకొకటి ఉంది. చెప్పాలని అనుకోలేదు. ఆ గొంతుల జోరు ఆమెను అక్కడిదాకా తీసుకొచ్చింది. నాన్న సగంలో వదిలేసిన మాట.

"ఆ దావకు మా నాయన్ను ఎవరో పిలిచినారు. పిలిచింది మనోడే. లేకుంటే ఆయన పోడు."

నారాయణ మొహం మారింది. అయినా గురువు కదా. అందుకున్నాడు.

*నమ్మి పాయె నమ్మి పాయె, మనోడు పిలిస్తె నమ్మి పాయె!*

గుండ్రం అందుకుంది. చెక్కలు పడ్డాయి.

ఆ దెబ్బలో ఒక వెలితి.

సుమయ్యాకు ముందు చెవికి తెలిసింది. అప్పటిదాకా కుడి చెవి పక్కన ఒకటే తాళంగా పడుతున్న దెబ్బ పడలేదు. పన్ను ఊడిన నోటిలాగా ఆ పాటలో ఒక సందు ఏర్పడింది. నారాయణ కూడా విన్నాడు. పాడుతూనే తల తిప్పి వెతుకుతున్నాడు. వాళ్లందరికీ ఒకరి చెక్క ఒకరికి తెలుసు. ఎవరిది ఆగిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్సర్ చాచా.

చేతులు వేలాడేసి నిలబడి ఉన్నాడు. పెదవులు బిగుసుకుపోయాయి. చెంపల మీద కారుతున్నది చెమటా, కన్నీళ్లా తెలియడం లేదు.

"చాచా" అంది సుమయ్యా. "చెక్క ఏంటికి ఆపినావు?"

ఆయన నడుముకున్న ఎర్ర గుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాడు.

"చాచా, నిన్నే. ఏంటికి ఆపినావు?"

"రెడ్డి ఒగసారి మాట్లాడతా అన్యాడు" అన్నాడు అన్సర్. ఆమెకు తప్ప ఎవరికీ వినబడని గొంతు. "అంతే చెప్పినాడు నాకు. సలాంను మలుపు దగ్గరికి రమ్మను, కూచోని మాట్లాడుకుంటాం అన్యాడు. నేను పిలిస్తే వస్తాడని వానికి తెల్సు. టిప్పరు సంగతి నాకు తెలీదు పాపా. అల్లా సాక్షి."

చుట్టూ పాట నడుస్తూనే ఉంది. *నమ్మి పాయె నమ్మి పాయె.* సుమయ్యాకు ఆ మాటలు దూరంగా ఎక్కడో వినబడుతున్నాయి. నాన్నను ఆంబులెన్సు ఎక్కించింది ఈయన. రోజూ అమ్మీకి అన్నం క్యారియరు తెచ్చింది ఈయన. తనకు సైకిలు నేర్పింది ఈయన.

తిట్టాలనుకుంది. కొట్టాలనుకుంది. వాటన్నిటికంటే ముందు, నాన్న మంచం పక్కన కూర్చున్న మొయిన్ గుర్తొచ్చాడు.

"చాచా, మొయిన్ ఇప్పుడు ఎవరి బండి తోల్తాండాడు?"

అన్సర్ కళ్లు మూసుకున్నాడు.

"చెప్పు చాచా!"

"రెడ్డి గనిలోనే." అన్నాడు అన్సర్. "ఆ పొద్దు వాడు ఏ బండి తోలినాడో నేను అడగలే పాపా. అడిగే ధైర్యం చాలలే. ఈ పొద్దు వాణ్ని ఆస్పత్రిలో కూచోబెట్టమని చెప్పింది గూడా రెడ్డే. మర్యాదకు చెప్పినాడనుకున్యా. అట్లనే అనుకోవల్లనుకున్యా."

సుమయ్యా ఫోను తీసింది. వేళ్లు వణకలేదు. మొయిన్ నంబరు నొక్కి చెవికి పెట్టుకుంది.

మీరు డయల్ చేసిన వ్యక్తి మరొకరితో మాట్లాడుతున్నారు.

తలెత్తింది. వేదిక వెనక, తన పెద్ద బొమ్మ కింద ఓబుళరెడ్డి ఆగి నిలబడి ఉన్నాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. పెదవులు కదులుతున్నాయి. కళ్లు మాత్రం ఆమె మీదే ఉన్నాయి.

ఆ మేనమామ నవ్వు మళ్లీ మొహం మీదికి వచ్చింది.

"నారాయణ మామా!" అని సుమయ్యా అరిచింది. ఆ చిన్న గొంతు గేటు దాకా వినబడింది. "నేనొచ్చేదాకా చెక్క ఆపొద్దు!"

నాన్న చెక్కలు పిడికిట్లో బిగించి, గుండ్రాన్ని చీల్చుకుని, ఆస్పత్రి వైపు పరుగెత్తింది.